జావా వెర్షన్‌ను బట్టి మేవెన్ బిల్డ్ ప్రాపర్టీలను మార్చుకోవడం ఎలా

ఒకే సోర్సు కోడును జావా 8 మీద నడిచే పాత సర్వర్లకూ, జావా 17 లేదా 21 మీద నడిచే కొత్త సర్వర్లకూ అందించవలసిన లైబ్రరీలు ఇప్పటికీ చాలా ఉన్నాయి. అలాంటి ప్రాజెక్టును టీములో ఒకరు జేడీకే (జావా ప్రోగ్రాములను తయారు చేసే కిట్) 8తో, మరొకరు 17తో బిల్డ్ చేస్తుంటారు, సీఐ సర్వరు (కోడు మారినప్పుడల్లా బిల్డ్‌ను తనంతట తానే నడిపేది) 21తో చేస్తుంది. కంపైలరుకు ఇచ్చే ఆప్షన్లు, టెస్టులు నడిచే జేవీఎంకు (జావా ప్రోగ్రామును నడిపే యంత్రానికి) ఇచ్చే ఆప్షన్లు, కొన్ని టెస్టు లైబ్రరీల వెర్షన్లు ఈ మూడు చోట్లా ఒకేలా పనిచేయవు. వీటిని చేత్తో మార్చుకుంటూ కూర్చోకుండా, ఏ జేడీకేతో బిల్డ్ నడుస్తోందో చూసి బిల్డ్ సాధనమైన మేవెనే తగిన విలువను ఎంచుకునేలా పామ్ ఫైలును (ప్రాజెక్టు బిల్డ్ వివరాలుండే ఫైలును) రాసుకోవచ్చు. ఆ పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. ట్యాగుల పేర్లనూ ప్రాపర్టీల పేర్లనూ పలికే తీరులో రాశాను కాబట్టి, ఫైల్లో టైపు చేసేటప్పుడు వాటిని మేవెన్ వాడే ఇంగ్లీషు స్పెల్లింగులోనే రాసుకోవాలి.

షరతు దేనిని చూస్తుంది?

పని మొదలుపెట్టే ముందు ఒక విషయం తేల్చుకోవాలి. ప్రాజెక్టులో జావా వెర్షన్ అని మనం మాట్లాడుకునేది నిజానికి మూడు వేర్వేరు విషయాలను గురించి. మేవెన్‌ను నడుపుతున్న జేడీకే మొదటిది. కోడు ఏ జావా భాషా స్థాయిలో రాయబడింది అన్నది రెండోది, దీనిని కంపైలరుకు సోర్స్ ఆప్షన్ చెబుతుంది. తయారైన జార్ ఫైలు కనీసం ఏ జావా మీద నడవాలి అన్నది మూడోది, దీనిని టార్గెట్ ఆప్షన్ చెబుతుంది. ప్రొఫైల్‌లో (షరతు నిజమైనప్పుడే పామ్‌లో కలిసే సెట్టింగుల గుంపులో) జేడీకే అనే ట్యాగుతో పెట్టే షరతు వీటిలో మొదటిదాన్ని మాత్రమే చూస్తుంది. పామ్‌లోని ప్రాపర్టీల్లో మీరు 17 అని రాసినా, 8 అని రాసినా ఆ షరతుకు సంబంధం లేదు, ఎందుకంటే ఏ ప్రొఫైల్ అమలు కావాలన్న నిర్ణయం పామ్‌లోని ప్రాపర్టీల విలువలు భర్తీ కావడానికి ముందే జరిగిపోతుంది.

స్ప్రింగ్ బూట్ పేరెంట్‌ను వాడే ప్రాజెక్టుల్లో ఈ గందరగోళం మరింత ఎక్కువగా కనబడుతుంది. అక్కడ కంపైలర్ స్థాయిని జావా.వెర్షన్ అనే ప్రాపర్టీతో నిర్ణయిస్తారు. నడుస్తున్న జేవీఎం తన వెర్షన్‌ను ప్రకటించే సిస్టమ్ ప్రాపర్టీ పేరు కూడా అదే. పామ్‌లో దాని విలువను 17 అని మార్చి, 17కు రాసుకున్న ప్రొఫైల్ ఎందుకు మేల్కొనలేదని వెతకడం మొదలుపెడితే ఎంత వెతికినా కారణం దొరకదు. జేడీకే షరతు చూసేది సిస్టమ్ ప్రాపర్టీని, పామ్‌లోని విలువను కాదు.

వెర్షన్‌ను రాసే తీరు

పామ్‌లో ప్రొఫైల్స్ అనే ట్యాగు లోపల ఒక్కో ప్రొఫైల్‌కు ఒక ఐడీ, దాని కింద యాక్టివేషన్, ఆ యాక్టివేషన్ లోపల జేడీకే ట్యాగు ఉంటాయి. ఆ చివరి ట్యాగులో రాసే నాలుగైదు అక్షరాల దగ్గరే ఎక్కువ మంది తడబడతారు కాబట్టి దీన్ని నిదానంగా చూడాలి.

బ్రాకెట్లు లేకుండా ఉత్త సంఖ్యను రాస్తే మేవెన్ దాన్ని మొదటి అక్షరాల పోలికగా తీసుకుంటుంది. 11 అని రాస్తే 11తో మొదలయ్యే వెర్షన్లన్నీ, అంటే 11.0.2 వంటివి సరిపోతాయి. 9 అని రాస్తే 9తో మొదలయ్యేవి మాత్రమే సరిపోతాయి తప్ప, అది "9, ఆపైన" అని అర్థం కాదు. తొందరలో 1 అని మాత్రమే రాసి వదిలేస్తే 1.8, 11, 17 అన్నీ ఆ షరతులోకి వచ్చేస్తాయి. 2 అని రాస్తే 21 వస్తుంది, ఆ తర్వాతి 25 కూడా వస్తుంది.

రెండో చిక్కు జావా 8 పేరుకు సంబంధించినది. జావా 8 వరకు జేవీఎం తన వెర్షన్‌ను 1.8.0_202 తరహాలో చెప్పుకునేది. 2017లో జావా 9 వచ్చినప్పటి నుంచి ముందున్న 1 తొలగిపోయి 9, 11, 17 అనే రూపం మిగిలింది. కాబట్టి జావా 8ను పట్టుకోవాలంటే షరతులో 1.8 అనే రాయాలి. 8 అని రాస్తే అది ఏ జేడీకేకూ సరిపోదు, మేవెన్ తప్పనీ చెప్పదు. ప్రొఫైల్ నిశ్శబ్దంగా అమలు కాకుండా ఉండిపోతుంది.

ఒక వెర్షన్ నుంచి పైకి అన్నీ కావాలంటే పరిధి రూపంలో రాయాలి. [9,) అంటే 9, దాని పైన ఉన్నవన్నీ. (,9) అంటే 9 కంటే తక్కువవి. చదరపు బ్రాకెట్ ఆ హద్దును కలుపుకుంటుంది, గుండ్రటి బ్రాకెట్ దాన్ని వదిలేస్తుంది. పై హద్దును చదరపు బ్రాకెట్‌తో మూయడం మాత్రం దాదాపు ఎప్పుడూ పొరపాటే. [9,11] అని రాసినప్పుడు 11.0.2 ఆ పరిధిలోకి రాదు, ఎందుకంటే అది 11 కంటే పెద్దది. 11 వరకు కావాలనుకుంటే [9,12) అని రాయడమే సరైన పద్ధతి. ఒక వెర్షన్ తప్ప మిగతావన్నీ కావాలంటే ముందు ఆశ్చర్యార్థకం పెట్టి !1.8 అని రాయవచ్చు, కానీ పరిధి రాసినప్పుడు ఉన్నంత స్పష్టత ఇందులో ఉండదు.

ఇక్కడే ఇంకో జాగ్రత్త చెప్పాలి. బిల్డ్ నియమాలను తనిఖీ చేసే ఎన్‌ఫోర్సర్ ప్లగిన్‌లో జావా వెర్షన్‌ను తప్పనిసరి చేసే నియమానికి 11 అని ఇస్తే అది "11 లేదా ఆపైన" అని అర్థం చేసుకుంటుంది. ప్రొఫైల్ షరతు మాత్రం అదే 11ను మొదటి అక్షరాల పోలికగా తీసుకుంటుంది. ఒకే పామ్‌లో ఒకే రాత రెండు చోట్ల రెండు అర్థాలు ఇస్తుంది కాబట్టి, రెండు చోట్లా పరిధి రూపంలోనే రాసుకోవడం మంచిది.

కంపైలర్ ప్రాపర్టీతో మొదలు

జావా 8కు జార్ తయారు చేయవలసిన ప్రాజెక్టులో మామూలుగా మేవెన్.కంపైలర్.సోర్స్, మేవెన్.కంపైలర్.టార్గెట్ అనే రెండు ప్రాపర్టీలకు 1.8 అని విలువ ఇస్తారు. జేడీకే 8తో బిల్డ్ చేసినంత కాలం ఇది చాలు. జేడీకే 17తో బిల్డ్ చేసినప్పుడు ఈ రెండింటి వల్ల కోడు రాత, బైట్‌కోడ్ (జేవీఎం చదివే కోడు) రూపం జావా 8కు తగినట్టే వస్తాయి గాని, కంపైలర్ చూసే క్లాసు లైబ్రరీ మాత్రం జేడీకే 17దే అవుతుంది.

దాని ఫలితం బైట్‌బఫర్ క్లాసులో స్పష్టంగా కనబడుతుంది. జావా 8లో ఫ్లిప్ అనే మెథడ్ దాని పై క్లాసయిన బఫర్‌లో ఉంది, అది బఫర్‌ను తిరిగి ఇస్తుంది. జావా 9లో బైట్‌బఫర్ తానే ఫ్లిప్‌ను మళ్ళీ నిర్వచించి, బైట్‌బఫర్‌ను తిరిగి ఇచ్చేలా చేసింది. కంపైలర్ బైట్‌కోడ్‌లో మెథడ్ పేరుతో పాటు అది తిరిగి ఇచ్చే రకాన్ని కూడా రాసిపెడుతుంది. అందువల్ల 17తో కంపైల్ చేసిన జార్, జావా 8 సర్వరు మీదకు వెళ్ళి, బైట్‌బఫర్‌ను తిరిగి ఇచ్చే ఫ్లిప్ కోసం వెతికి, అలాంటి మెథడ్ లేదన్న ఎర్రర్‌తో ఆగిపోతుంది. సోర్సులో ఒక్క అక్షరం తప్పు లేదు, బిల్డ్ పచ్చగా ముగిసింది, టెస్టులు కూడా 17 మీదే నడిచాయి కాబట్టి అన్నీ దాటాయి. తప్పు బయటపడేది ప్రొడక్షన్‌లోనే.

దీనికి మందు జేడీకే 9తో వచ్చిన రిలీజ్ ఆప్షన్. రిలీజ్‌కు 8 అని ఇస్తే కంపైలర్ భాషా స్థాయినీ బైట్‌కోడ్ రూపాన్నీ మాత్రమే కాక, జావా 8లో ఉన్న ఏపీఐల జాబితాను కూడా పాటిస్తుంది. సోర్స్, టార్గెట్ విలువలను అప్పుడు పట్టించుకోదు. అయితే జేడీకే 8లోని కంపైలరుకు ఈ ఆప్షన్ తెలియదు. ఇస్తే చెల్లని ఫ్లాగ్ అని చెప్పి బిల్డ్‌ను ఆపేస్తుంది. నిజంగా షరతు అవసరమైన చోటు ఇదే.

పామ్ ప్రధాన భాగంలోని ప్రాపర్టీల్లో సోర్స్, టార్గెట్ రెండింటికీ 1.8 అలాగే ఉంచండి. తర్వాత ప్రొఫైల్స్‌లో ఒక ప్రొఫైల్ చేర్చి, దాని ఐడీకి దాని పనేమిటో తెలిసేలా జేడీకే-9-నుంచి అన్న అర్థం వచ్చే పేరు పెట్టండి. యాక్టివేషన్‌లోని జేడీకే ట్యాగులో [9,) అని రాయండి. ఆ ప్రొఫైల్ ప్రాపర్టీల్లో మేవెన్.కంపైలర్.రిలీజ్ ఒక్కటే ఉంచి దానికి 8 అని విలువ ఇవ్వండి. జేడీకే 8తో నడిస్తే ఈ ప్రొఫైల్ కలవదు, పాత రెండు ప్రాపర్టీలే పనిచేస్తాయి. 9 నుంచి రిలీజ్ విలువ వచ్చి చేరుతుంది.

కంపైలర్ ప్లగిన్ 3.13.0 లేదా ఆపై వెర్షన్ వాడుతున్నవారికి ఈ ప్రొఫైల్ కూడా అవసరం లేదు. రిలీజ్ ప్రాపర్టీని ప్రధాన భాగంలో ఏ షరతూ లేకుండా పెట్టినా, జేడీకే 8తో నడిచేటప్పుడు ప్లగిన్ దాన్ని తానే పక్కన పెట్టేస్తుంది. ప్లగిన్ వెర్షన్ పెంచి ప్రొఫైల్‌ను తీసేయగలిగితే తప్పకుండా అదే చేయండి. షరతు ఎంత చిన్నదైనా, దాని రెండు వైపులనూ పరీక్షించవలసిన భారం ఎవరో ఒకరి మీద ఎప్పటికీ ఉంటుంది.

టెస్టులు నడిచే జేవీఎంకు ఇచ్చే ఆప్షన్లు

జావా లోపలి క్లాసులను రిఫ్లెక్షన్‌తో తాకే పాత టెస్టు లైబ్రరీలు జేడీకే 16 నుంచి విఫలమవుతాయి, ఎందుకంటే ఆ వెర్షన్ నుంచి లోపలి ప్యాకేజీలు డిఫాల్టుగా గట్టిగా మూసివేయబడ్డాయి. లైబ్రరీని మార్చడం వెంటనే కుదరకపోతే, టెస్టులను నడిపే ష్యూర్‌ఫైర్ ప్లగిన్‌కు యాడ్-ఓపెన్స్ ఆప్షన్ ఇచ్చి జావా.బేస్ మాడ్యూల్‌లోని జావా.ల్యాంగ్ ప్యాకేజీని పేరులేని మాడ్యూళ్లకు తెరవాలి. జేడీకే 8కు ఈ ఆప్షన్ ఇస్తే జేవీఎం అసలు మొదలే కాదు.

దీన్ని ప్రొఫైల్‌లో ష్యూర్‌ఫైర్ కాన్ఫిగరేషన్ మొత్తాన్ని కాపీ చేసి సాధించవద్దు. ప్రధాన ప్రాపర్టీల్లో టెస్ట్.జేవీఎం.ఆప్షన్స్ వంటి సొంత పేరుతో ఒక ఖాళీ ప్రాపర్టీని పెట్టండి. ష్యూర్‌ఫైర్ కాన్ఫిగరేషన్ ప్రధాన బిల్డ్ భాగంలోనే ఒక్కసారి ఉండి, ఆర్గ్‌లైన్‌లో (టెస్టుల జేవీఎంకు ఆప్షన్లు ఇచ్చే ట్యాగులో) ఆ ప్రాపర్టీని డాలరు గుర్తుతో పిలవాలి. ప్రొఫైల్ చేయవలసిన పని ఆ ప్రాపర్టీ విలువను మార్చడం ఒక్కటే. ఖాళీ విలువ రాయడం మరచిపోతే జేడీకే 8లో డాలరు గుర్తుతో ఉన్న ఆ పేరు భర్తీ కాకుండా యథాతథంగా జేవీఎం కమాండ్‌లోకి వెళ్ళిపోతుంది. జేవీఎం దాన్ని క్లాసు పేరనుకొని, అలాంటి మెయిన్ క్లాస్ దొరకలేదని ఫిర్యాదు చేస్తుంది.

షరతు హద్దు ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న ఇక్కడ వస్తుంది. అవసరం 16లో మొదలైంది కదా అని [16,) రాయాలనిపిస్తుంది. నా ఉద్దేశంలో [9,) మేలు. ఈ ఆప్షన్ జేడీకే 9 నుంచే అర్థమవుతుంది, 9 నుంచి 15 వరకు వచ్చే హెచ్చరికలను కూడా ఇదే ఆపుతుంది, పైగా కంపైలర్ ప్రొఫైల్ హద్దు, దీని హద్దు ఒకటే అయినప్పుడు రెండు ప్రాపర్టీలూ ఒకే ప్రొఫైల్‌లో ఇమిడిపోతాయి. ఆప్షన్‌ను జేడీకే ఎప్పటి నుంచి గుర్తిస్తుందో అక్కడ హద్దు పెట్టుకుంటే ప్రొఫైళ్ల సంఖ్య పెరగదు.

టెస్టులు కోడును ఎంత మేరకు తాకాయో చూపే కవరేజీ కోసం జకోకో వాడేవారు ఇంకో అడుగు వేయాలి. జకోకో తన ఏజెంట్‌ను ఆర్గ్‌లైన్ అనే ప్రాపర్టీలోకి బిల్డ్ నడుస్తుండగా చేరుస్తుంది. ష్యూర్‌ఫైర్ కాన్ఫిగరేషన్‌లో ఆర్గ్‌లైన్‌ను మీరు సొంతంగా రాసినప్పుడు ఆ ఏజెంట్ కొట్టుకుపోయి, కవరేజీ రిపోర్టు ఖాళీగా వస్తుంది. ష్యూర్‌ఫైర్ 2.17 నుంచి, డాలరుకు బదులు ఎట్ గుర్తుతో ఆర్గ్‌లైన్‌ను పిలిస్తే దాని విలువను చివరి క్షణంలో తీసుకుంటుంది. కాబట్టి ఎట్ గుర్తుతో ఆర్గ్‌లైన్, ఒక ఖాళీ, ఆ తర్వాత డాలరు గుర్తుతో మీ ప్రాపర్టీ, ఈ వరుసలో రాయండి. జకోకో లేకుండా నడిపే సందర్భం కోసం ఆర్గ్‌లైన్‌కు కూడా ప్రధాన ప్రాపర్టీల్లో ఖాళీ విలువ ఉంచండి.

లైబ్రరీల వెర్షన్లు

టెస్టు లైబ్రరీ వెర్షన్‌ను ప్రాపర్టీగా పెట్టుకొని జేడీకేను బట్టి మార్చడం కొన్నిసార్లు తప్పదు. టెస్టుల్లో నకిలీ ఆబ్జెక్టులను తయారు చేసే మోకిటో 5కు కనీసం జావా 11 కావాలి, జావా 8లో నడపాలంటే 4వ శ్రేణి దగ్గరే ఆగాలి. కొత్త జేడీకేల బైట్‌కోడ్‌ను పాత మోకిటో గుర్తించలేకపోవచ్చు కాబట్టి 4తోనే అన్నిచోట్లా సరిపెట్టుకోవడం కూడా కుదరదు. ప్రధాన భాగంలో మోకిటో.వెర్షన్‌కు 4.11.0 అని, [11,) షరతున్న మరో ప్రొఫైల్‌లో 5.11.0 అని పెడితే సరిపోతుంది.

ఇది టెస్ట్ స్కోపులోని డిపెండెన్సీ కాబట్టే నిశ్చింతగా చెబుతున్నాను. కంపైల్ స్కోపులోని డిపెండెన్సీలను ఈ పద్ధతిలో మార్చవద్దు. మీ లైబ్రరీ పామ్ రిపాజిటరీలోకి వెళ్ళాక, దాన్ని వాడుకునేవారి మేవెన్ ఆ పామ్‌ను చదివేటప్పుడు జేడీకే షరతులను వారి జేడీకేతోనే తూస్తుంది. మీరు 17తో పరీక్షించిన డిపెండెన్సీల జాబితా వేరు, జేడీకే 8లో వారికి చేరే జాబితా వేరు అవుతాయి. జేడీకే 11లో తొలగిపోయిన జాక్స్‌బీ (ఎక్స్‌ఎంఎల్‌ను జావా ఆబ్జెక్టులుగా మార్చే లైబ్రరీ) విషయంలో చాలామంది ఈ దారి పట్టారు. జకార్తా వారి ఎక్స్‌ఎంఎల్ బైండ్ ఏపీఐ 2.3 శ్రేణిలో పాత ప్యాకేజీ పేర్లే ఉన్నాయి కాబట్టి దాన్ని షరతు లేకుండానే అన్ని జేడీకేలకూ చేర్చుకోవచ్చు.

కంపైల్ సమయంలో కోడును చేర్చే లాంబాక్ వంటి అనొటేషన్ ప్రాసెసర్ల సంగతీ అంతే. జేడీకే 23 నుంచి కంపైలర్, క్లాస్‌పాత్‌లో కనబడిన ప్రాసెసర్లను తనంతట తాను నడపడం మానేసింది. దీనికి 23 పేరుతో ప్రొఫైల్ రాయనక్కరలేదు. కంపైలర్ ప్లగిన్ కాన్ఫిగరేషన్‌లో అనొటేషన్ ప్రాసెసర్ పాత్స్ ట్యాగు కింద ప్రాసెసర్‌ను నేరుగా పేర్కొంటే 8లోనూ 23లోనూ ఒకేలా పనిచేస్తుంది. మ్యాక్స్‌పెర్మ్‌సైజ్ ఆప్షన్ ఇంకా ఎక్కడైనా మిగిలి ఉంటే, అది జేడీకే 17లో జేవీఎంను మొదలుకానివ్వదు. జావా 8 నుంచే దానికి ప్రభావం లేదు కాబట్టి షరతు పెట్టకుండా తొలగించండి.

ప్రొఫైళ్లు ఎదురు తిరిగే చోట్లు

యాక్టివ్‌బైడిఫాల్ట్ ట్యాగును "మిగతా సందర్భాలన్నిటికీ" అన్న అర్థంలో వాడకండి. అదే పామ్‌లో మరే ప్రొఫైల్ అమలైనా, దానికి దీనితో సంబంధం లేకపోయినా, డిఫాల్ట్ ప్రొఫైల్ ఆగిపోతుంది. ఎవరో రిలీజు సంతకాల కోసం మరో ప్రొఫైల్‌ను పీ ఆప్షన్‌తో పిలిచిన రోజున మీ జేడీకే 8 విలువలు మాయమవుతాయి. డిఫాల్ట్ విలువలకు చోటు ప్రధాన ప్రాపర్టీల భాగమే. రెండు ప్రొఫైళ్లు ఒకే ప్రాపర్టీకి విలువ ఇచ్చి రెండూ అమలైతే, పామ్‌లో తర్వాత రాసినది గెలుస్తుంది. అందుకని [9,) ప్రొఫైల్‌ను ముందు, [11,) ప్రొఫైల్‌ను తర్వాత ఉంచండి.

అనేక మాడ్యూళ్లున్న ప్రాజెక్టులో పేరెంట్ పామ్‌లోని ప్రొఫైళ్లు ముందుగా పేరెంట్‌కే వర్తించి, ఆ ఫలితం పిల్ల మాడ్యూళ్లకు వారసత్వంగా వస్తుంది. పిల్ల పామ్‌లో ఎవరైనా అదే ప్రాపర్టీని మామూలుగా రాసి ఉంటే, పేరెంట్‌లోని ప్రొఫైల్ ఇచ్చిన విలువ దాని ముందు నిలవదు. ఒక్క మాడ్యూలు మాత్రమే వేరే బైట్‌కోడ్‌తో వస్తుంటే ముందుగా వెతకవలసిన చోటు ఇదే.

టూల్‌చైన్లు వాడేచోట జేడీకే షరతు పూర్తిగా దారి తప్పుతుంది. మేవెన్ 21తో నడుస్తూ, కంపైల్‌కూ టెస్టులకూ టూల్‌చైన్ ద్వారా జేడీకే 8ను ఎంచుకున్నప్పుడు, షరతు 21నే చూసి యాడ్-ఓపెన్స్ ఆప్షన్‌ను చేరుస్తుంది, దాన్ని అందుకున్న జేడీకే 8 కుప్పకూలుతుంది. ఇలాంటి ప్రాజెక్టులో యాక్టివేషన్ కింద జేడీకే ట్యాగుకు బదులు ప్రాపర్టీ ట్యాగును వాడి, టెస్ట్.జేడీకే వంటి పేరుకు విలువను కమాండ్ లైనులో డీ ఆప్షన్‌తో ఇవ్వండి. రెండు షరతులను ఒకే యాక్టివేషన్‌లో కలిపితే, మేవెన్ 3.2.2 నుంచి రెండూ నిజమైతేనే ప్రొఫైల్ అమలవుతుంది.

సరిచూసుకోవడం

ముందుగా మేవెన్ ఏ జేడీకేతో నడుస్తోందో ఎంవీఎన్ కమాండ్‌కు వీ ఆప్షన్ ఇచ్చి చూడండి. టెర్మినల్‌లో జావా కమాండ్ చూపే వెర్షన్‌ను నమ్మకండి. అది పాత్‌లో ముందున్న జావాను చూపుతుంది, మేవెన్ మాత్రం జావాహోమ్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ చూపే జేడీకేను తీసుకుంటుంది. తర్వాత హెల్ప్ ప్లగిన్‌లోని యాక్టివ్-ప్రొఫైల్స్ గోల్‌ను నడిపితే ఏయే ప్రొఫైళ్లు అమలయ్యాయో ఐడీలతో సహా కనబడుతుంది. ఐడీకి అర్థవంతమైన పేరు పెట్టమన్నది ఇందుకే. అదే ప్లగిన్‌లోని ఎఫెక్టివ్-పామ్ గోల్ అన్నీ కలిశాక మిగిలిన పామ్‌ను చూపుతుంది, ఎవాల్యుయేట్ గోల్‌కు ఎక్స్‌ప్రెషన్‌గా మేవెన్.కంపైలర్.రిలీజ్ అని ఇస్తే ఆ ఒక్క విలువను చూపుతుంది.

చివరగా, తయారైన ఒక క్లాసు ఫైలును జావాపీ కమాండ్‌కు వీ ఆప్షన్‌తో ఇచ్చి మేజర్ వెర్షన్ అన్న వరుసను చూడండి. జావా 8కు అది 52 ఉండాలి. 55 కనబడితే 11కు, 61 కనబడితే 17కు, 65 కనబడితే 21కి కంపైల్ అయిందని అర్థం. ఈ సంఖ్య బైట్‌కోడ్ రూపాన్ని మాత్రమే చెబుతుంది, ఏపీఐల సంగతి చెప్పదు. బైట్‌బఫర్ ఉదాహరణలో కూడా సంఖ్య 52గానే ఉంటుంది. కాబట్టి 17తో తయారైన జార్‌ను నిజమైన జావా 8 మీద కనీసం ఒక్కసారి నడిపే జాబ్‌ను సీఐలో ఉంచండి. బిల్డ్‌ను 8, 17, 21 మూడింటితోనూ నడిపే మ్యాట్రిక్స్‌ను సీఐ ఫైల్లో రాసేటప్పుడు, ప్రతి జాబ్‌లోనూ యాక్టివ్-ప్రొఫైల్స్ గోల్‌ను మొదటి మెట్టుగా పెడితే, ఆర్నెల్ల తర్వాత ఏదైనా విరిగినప్పుడు ఆ లాగ్‌లోనే సగం జవాబు దొరుకుతుంది.